అక్క ఫోన్ నా జేబులో ఉన్న రోజు

మా బ్యాండు గురించి రెండు పేజీలు రాసిమ్మని ఈ ఏడాది మొదట్లో అక్క అడిగింది. ఆస్ట్రేలియాలో, పెర్త్‌లో పాత రికార్డింగులు పోగుచేసే ఒక పెద్దమనిషికి, మేము పన్నెండేళ్ళ కిందట నది ఒడ్డున పార్కులో వాయించిన నలభై నిమిషాల రికార్డింగు దొరికిందట. దాన్ని రికార్డుగా వేస్తాడట. కవరు లోపల అక్కా నేనూ చెరో రెండు పేజీలు రాయాలట. ఆ రోజు ఎలా ఉందో రాయి, చాలు అని మెసేజ్ పెట్టింది. ఆ రోజు ఎలా ఉందో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అందుకే నాలుగు నెలలు ఒక్క వాక్యం కూడా రాయలేదు.

ఇప్పుడు నేను సింగపూర్‌లో, పుంగ్గోల్ వైపు ఉంటాను. వన్-నార్త్‌లో ఒక ఆఫీసులో ఇతరుల వీడియోలకు శబ్దం బాగుచేస్తాను. ఎవరో మాట్లాడిన మాటల వెనకనుంచి ఏసీ హోరు, కుర్చీ కిర్రుమన్న చప్పుడు తీసేయడం నా ఉద్యోగం. నేనొకప్పుడు డ్రమ్స్ వాయించానని పక్క సీటు అమ్మాయికి కూడా తెలియదు. తెలిస్తే ఆఫీసు పార్టీలో వాయించమంటారు. ఎందుకొచ్చిన గొడవ.

మేము పెరిగింది సెంగ్‌కాంగ్‌లో, తొమ్మిదో అంతస్తు ఫ్లాటులో. అక్క నాకంటే నాలుగేళ్ళు పెద్ద. పదమూడో ఏట గిటార్ కావాలని మూడు రోజులు అన్నం మానేసింది. మూడో రోజు అమ్మే ఓడిపోయింది. ఆ మూడు రోజులూ నేను చాటుగా బిస్కెట్లు అందించిన సంగతి ఇంట్లో ఇప్పటికీ తెలియదు. నాన్న దృష్టిలో రాక్ సంగీతం అంటే అరుపులే. "ఇది పాటా, తగువా?" అనేవాడు. అయినా ప్రతి ఆదివారం ఆమెను గిటార్ క్లాసుకి తీసుకెళ్ళి, గంటసేపు బయట బెంచీ మీద పేపరు చదువుతూ కూర్చునేవాడు. యాంప్లిఫయర్ కొన్నప్పుడు దాన్ని కూరగాయలు తెచ్చుకునే చక్రాల బండికి కట్టి ఎల్ఆర్‌టీ రైల్లో ఇంటికి తెచ్చాడు. నేను సోఫా దిండ్ల మీద పుల్లలతో వాయించేవాణ్ణి. కింది ఫ్లాటు ఆంటీ రెండుసార్లు పైకొచ్చి మర్యాదగా చెప్పి వెళ్ళింది.

అక్క చదువుకి పెర్త్ వెళ్ళింది. సింగపూర్‌లో మగపిల్లలకి తప్పనిసరి కనక రెండేళ్ళు సైన్యంలో చేసి, జుట్టు పెరగకముందే నేనూ అక్కడికే పోయాను. చదువన్నది పేరుకే. అక్కకి డ్రమ్మర్ కావాలి, బయటివాళ్ళ మీద ఆమెకి నమ్మకం లేదు. అక్క పాటలు రాసేది, పాడేది, గిటార్ వాయించేది. మాతో ఇద్దరు పెర్త్ కుర్రాళ్ళు ఉండేవారు, ఒకడు లీడ్ గిటార్, ఒకడు బేస్. నలుగురిలో మాట మాత్రం అక్కది. పబ్బుల్లో మొదలుపెట్టాం. తొలిరోజుల్లో వినేవాళ్ళ కంటే మా సామానే ఎక్కువ చోటు పట్టేది. రెండేళ్ళకి శుక్రవారాలు జనం నిలబడి వినడం మొదలైంది. మూడో ఏట ఊరి రేడియోలో మా పాట ఒకటి రోజూ వచ్చేది. మొదట సింగపూర్ అక్కాతమ్ముళ్ళు అని చెప్పేవాళ్ళు, తర్వాత మన పెర్త్ బ్యాండు అన్నారు. నాన్న ఫోన్లో మా పాటలు విని, రెండోది పర్వాలేదు అనేవాడు. ఆ రెండోది ఏదో మేమెప్పుడూ అడగలేదు.

అక్కకి ఒక నియమం ఉండేది. ప్రోగ్రాం ఉన్న రోజు పొద్దుటి నుంచి స్టేజీ దిగేదాకా ఫోన్ ముట్టుకోదు. ఒకసారి పాడబోయే ముందు అమ్మ ఫోన్ చేసి, తిన్నావా, ఏం తిన్నావు, పెరుగు వేసుకున్నావా అని ఆరా తీసింది. ఆ పూట అక్క రెండో చరణం మర్చిపోయింది. అప్పటి నుంచీ ఆమె ఫోన్ నా జేబులో ఉండేది. ఎవరు చేసినా నేనే ఎత్తి, అవసరమనుకుంటే ఆమెకి చెప్పేవాణ్ణి. ఏది అవసరమో తేల్చేది నేను. ఆ పెత్తనం నాకు బాగుండేది కూడా.

మా ఇళ్ళల్లో ఉన్న ఒక పద్ధతి ఇక్కడ చెప్పాలి. ఫోన్లో ఎవరూ చావు కబురు చెప్పరు. నేను స్కూల్లో ఉండగా నాయనమ్మ పోయింది. ఊరి నుంచి ఫోన్ చేసింది బాబాయి కాదు, పక్కింటాయన. పెద్దావిడకి కాస్త నలతగా ఉంది, బయల్దేరి రండి, కంగారేం లేదు అన్నాడు. అక్క ఆమె మోకాళ్ళకి రాయడానికి తైలం సీసాలు ఆరు కొని సంచీలో పెట్టింది. మేము దిగేసరికి దహనం కూడా అయిపోయింది. తిరిగొచ్చేటప్పుడు నాన్న మాకు విడమరిచి చెప్పాడు. ఇంటివాళ్ళు కాకుండా బయటివాళ్ళు ఫోన్ చేసి, కంగారేం లేదు రండి అన్నారంటే అయిపోయిందనే. దారిలో మనకేమీ కాకూడదని అలా చెబుతారు. మనమూ తిరిగి అడగకూడదు. ఆ పాఠం నాకు బాగా ఒంటబట్టింది.

పార్కులో ప్రోగ్రాం శనివారం. మా వంతు మధ్యాహ్నం మూడింటికి. అంతమంది ముందు మేమెప్పుడూ వాయించలేదు. మెల్‌బోర్న్ నుంచి రికార్డు కంపెనీవాళ్ళు వినడానికి వస్తున్నారు. అక్క వారం నుంచి గోళ్ళు కొరుక్కుంటోంది. పొద్దున పదకొండింటికి స్టేజీ వెనక నేను డ్రమ్స్ బిగిస్తూ ఉంటే, జేబులో అక్క ఫోన్ మోగింది. సెంగ్‌కాంగ్‌లో మా అంతస్తులోనే ఉండే తెలుగు అంకుల్. రోజూ సాయంత్రం నాన్నతో కలిసి నడకకి వెళ్ళే మనిషి.

"బాబూ, నాన్నగారికి కొంచెం ఒంట్లో బాగోలేదు. అక్కని తీసుకుని బయల్దేరి వచ్చెయ్యి నాన్నా. కంగారేం పడకండి" అన్నారు.

అమ్మ ఏదీ అని నేను అడగలేదు. నాన్న ఉన్నాడా అని అడగలేదు. సరే అంకుల్ అని పెట్టేశాను. నాన్న పోయాడు అనుకున్నాను. నాన్న నేర్పిన లెక్క ప్రకారమే అనుకున్నాను.

ఒంటిగంటకి సింగపూర్ ఫ్లైటు ఒకటి ఉండేది. సెలవులకి దాంట్లోనే వచ్చేవాళ్ళం కాబట్టి నాకు బాగా తెలుసు. ఎయిర్‌పోర్టు ఎంతో దూరం కాదు. నేను స్టూలు మీద కూర్చుని ఆలోచించాను. పోయిన మనిషి కోసం నాలుగు గంటలు ముందు వెళ్ళినా వెనక వెళ్ళినా ఒకటే. ఇప్పుడు చెబితే అక్క పాడలేదు. చెప్పకపోతే నలభై నిమిషాలు పాడుతుంది, ఆ తర్వాత ఏడవడానికి బోలెడు కాలం ఉంది. ఇంత చక్కగా ఆలోచించాను. నాకు ఏడుపు రాలేదు. డ్రమ్ములు బిగించే తాళంచెవి చేతిలో ఉంటే దాన్ని తిప్పుతూ కూర్చున్నాను. అమ్మకి ఫోన్ చేసి ఉండొచ్చు. చేస్తే తెలిసిపోతుంది. ఏది తెలిసిపోతుందని భయపడ్డానో ఆ రోజు నన్ను నేను అడగలేదు. అక్క వచ్చి ఎవరైనా చేశారా అంది. ఎవరూ చెయ్యలేదన్నాను. ఫోన్ ఆపేసి పెట్టెలో పడేశాను.

ఆ పూట పాడినట్టు అక్క మళ్ళీ ఎప్పుడూ పాడలేదు. ఇది తమ్ముడిగా చెప్పడం లేదు, పక్కన కూర్చుని వాయించినవాడిగా చెబుతున్నాను. ఎండలో నిలబడిన జనం మూడో పాట నుంచి తామూ పాడడం మొదలుపెట్టారు. నా చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఎక్కడా తప్పు పోలేదు. అప్పుడు ఎవరో తీసిన వీడియోలో నేను రెప్పవెయ్యకుండా, మొహంలో ఏమీ లేకుండా వాయిస్తూ ఉంటాను. ఆ మొహం జనానికి తెగ నచ్చింది. తర్వాత మా పోస్టర్ల మీద అక్క నవ్వుతూ, వెనక నేను రాయిలా ఉండేవాళ్ళం. అదేదో నా శైలి అనుకున్నారు.

దిగాక ఫోన్ ఆన్ చెయ్యగానే మోగింది. ఫ్లైట్ ఎక్కారా బాబూ అన్నారు అంకుల్. వస్తున్నాం అని పెట్టేసి, అక్క దగ్గరికి వెళ్ళి, అంకుల్ ఇప్పుడే ఫోన్ చేశారు, నాన్నకి బాగోలేదట, బయల్దేరమన్నారు అన్నాను. అక్కకీ ఆ పద్ధతి తెలుసు. చెమట కూడా తుడుచుకోకుండా నేల మీద కూర్చుండిపోయింది. ఆ వేళకి దొరికిన ఫ్లైటు పట్టుకుని తెల్లారి సింగపూర్‌లో దిగాం.

ఎయిర్‌పోర్టుకి వచ్చింది అంకులే. ఇంటికి కాదు, ఆసుపత్రికి తీసుకెళ్ళారు. వరండాలో అమ్మ కూర్చుని ఉంది. నాన్న పోయి అప్పటికి రెండు గంటలే అయింది.

అమ్మ ముక్కలు ముక్కలుగా చెప్పింది. పొద్దున టిఫిన్ దగ్గర గుండెనొప్పి వచ్చింది. అంకుల్ కారులో తెచ్చారు. తను లోపల నాన్న చెయ్యి పట్టుకుని ఉండడం వల్ల ఫోన్ చెయ్యడానికి కుదరక అంకుల్‌ని చెయ్యమంది, అంతే. సాయంత్రం నాన్న కాస్త తేరుకున్నాడు. పది దాకా మెలకువగానే ఉన్నాడు. పిల్లలు బయల్దేరారా అని మూడుసార్లు అడిగాడు. వస్తున్నారు అని ఆమె మూడుసార్లూ చెప్పింది. ఒంటిగంట ఫ్లైటు ఎక్కి ఉంటే ఏడింటికల్లా మేము ఆ మంచం పక్కన ఉండేవాళ్ళం. పది దాకా మూడు గంటలు. ఆలస్యం అమృతం విషం అని చిన్నప్పుడు కాపీ పుస్తకంలో రాసిన మాట గుర్తొచ్చింది. గుర్తు రావడం తప్ప ఇంకేమీ కాలేదు. మండాయ్ శ్మశానంలో దహనం నేనే చేశాను. నిప్పు అంటించే పని అక్కడ మీట నొక్కితే అయిపోతుంది. నొక్కాను.

అక్క అంకుల్‌ని అడిగింది మర్నాడు. మా గుమ్మం బయట కారిడార్‌లో. పొద్దున్నే చెయ్యమని అమ్మ చెబితే సాయంత్రం దాకా ఎందుకు చెయ్యలేదని అడిగింది. పొద్దున్నే చేశానమ్మా అన్నారాయన. అక్క తన ఫోన్ తీసి కాల్స్ చూపించింది. అందులో నాలుగింటి కాల్ ఒక్కటే ఉంది. పదకొండింటిది నేను చెరిపేశాను. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని ఆ తెర వంక చూశారు. తర్వాత ఒకసారి నా వంక చూశారు. నేను చెప్పుల స్టాండు వంక చూస్తున్నాను.

"కంగారులో ఉన్నాను కదమ్మా, నేనే పొరబడ్డానేమో" అన్నారు.

అంతే. ఆ తర్వాత ఆయన మా ఇంటికి రాలేదు. అక్క ఆయన్ని పలకరించడం మానేసింది. రెండేళ్ళకి ఆయన ఫ్లాటు మార్చి పడమటి వైపు వెళ్ళిపోయారు. నాన్నని కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళిన మనిషి మీద మా ఇంట్లో నిలిచిపోయిన నింద అది. నేను ఒక్క మాటతో తీసేయగలిగిన నింద. తియ్యలేదు.

పెర్త్‌కి తిరిగెళ్ళాక బ్యాండు మూడు పువ్వులు ఆరు కాయలుగా సాగింది. ఆ పార్కు వీడియో దేశమంతా తిరిగింది. మెల్‌బోర్న్ వాళ్ళు మా మొదటి రికార్డు వేశారు. పెద్ద వ్యాను కొని అడిలైడ్ నుంచి బ్రిస్బేన్ దాకా తిరిగాం. నిలబడడానికి చోటు లేని హాళ్ళు చూశాను. హోటల్ గదుల్లో టీవీ పెట్టుకుని శబ్దం తగ్గించి, బొమ్మలు చూస్తూ పడుకునేవాణ్ణి. సంతోషం రావాల్సిన చోటల్లా, వచ్చిందని అనుకుని ముందుకు పోయేవాణ్ణి.

రెండో రికార్డుకి అక్క రాసినవన్నీ నాన్న పాటలే. అందరూ మెచ్చుకున్నారు. ఒక పాట మధ్యలో ఆమె ఎనిమిది లెక్కలపాటు అందరినీ ఆగిపొమ్మంది. నాన్న ఎదురుచూసిన సమయం అది అని మాకు చెప్పింది. రిహార్సల్స్‌లో ఆగాను. స్టేజీ మీద ఆగలేకపోయాను. ఆ ఖాళీ రాగానే నా చెయ్యి తనంతట తను డ్రమ్స్ పక్కనుండే సింబల్ పళ్ళెం మీదికి పోయేది, ఏదో ఒక చప్పుడు చేసేది. మొదటిసారి అక్క నవ్వి ఊరుకుంది. పదోసారి వ్యానులో అరిచింది. "ఆ ఒక్క చోట చప్పుడు చెయ్యకుండా ఉండలేవా?" అంది. ఉండలేనని చెప్పలేక, మర్చిపోయానన్నాను. డ్రమ్మర్ లెక్క మర్చిపోయానంటే ఎవరు నమ్ముతారు. నేను కావాలనే ఆమె పాట పాడుచేస్తున్నానని అనుకుంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నవాణ్ణి నేను, పైగా వెయ్యిమంది ముందు, రోజూ.

ఆ గొడవ మిగతా ఇద్దరికీ అర్థం కాలేదు. మేము తిట్టుకునేది తెలుగులో. లీడ్ గిటార్ కుర్రాడు ముందు వెళ్ళిపోయాడు, వాడి స్థానంలో వచ్చినవాడు ఆరు నెలలున్నాడు. మూడో రికార్డు ఎవరూ అడగలేదు. హాళ్ళు పోయి మళ్ళీ పబ్బులొచ్చాయి. చివరి ప్రోగ్రాం పెర్త్ శివార్లలో ఒక క్లబ్బులో. గోడ మీద టీవీలో ఫుట్‌బాల్ నడుస్తోంది. నాన్న పాట మధ్యలో ఒకాయన వచ్చి, కాస్త తగ్గించి వాయిస్తారా, కామెంటరీ వినబడడం లేదు అన్నాడు. అక్క తగ్గించింది. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. మేము రచ్చ గెలిచిన నాటికే ఇంట్లో ఓడిపోయి ఉన్నాం, ఆ సంగతి ఆమెకి తెలియదు. సామాను వ్యానులోకి ఎక్కించాక ఇంక చాలురా అంది. చాలు అన్నాను. అక్క అక్కడే స్కూల్లో సంగీతం చెప్పే ఉద్యోగంలో చేరింది. నేను సింగపూర్ వచ్చేశాను.

ప్రతి ఏటా నాన్న తద్దినానికి అక్క వస్తుంది. పెట్టేది నేను. ఆమె వెనక నిలబడి పురోహితుడు అడిగినవి అందిస్తుంది. ఈసారి పురోహితుడు వెళ్ళాక, కాకికి పెట్టమని అమ్మ ఆకులో ముద్ద కట్టి ఇచ్చింది. ఇక్కడ పక్షులకి తిండి పెడితే జరిమానా. ప్రతి ఏడూ అమ్మకి చెబుతాం, ప్రతి ఏడూ కట్టి ఇస్తుంది, మేము కిందికి తీసుకెళ్ళి పిట్టగోడ మీద పెట్టి కెమెరాలకి వీపు చూపించి నిలబడతాం. ఈసారీ అలాగే నిలబడ్డాం. కాకి రాలేదు. బ్లాకు కింద బెంచీ మీద కూర్చున్నాం. అక్క రాశావా అని అడిగింది.

రాయలేదన్నాను. ఎందుకన్నది చెప్పాను. పదకొండింటి కాల్, ఒంటిగంట ఫ్లైటు, నాన్న నేర్పిన లెక్క, చెరిపిన కాల్, చెప్పుల స్టాండు వరకూ అన్నీ చెప్పాను. ఆఫీసులో పని అప్పగిస్తున్నట్టు వరసగా చెప్పాను. అయిదు నిమిషాలు పట్టింది.

అక్కా నేనూ మాట్లాడుకునేది సగం ఇంగ్లీషే, సింగపూర్ వాళ్ళందరిలాగే మాట చివర 'లా' తగిలించుకుని. ఆ రోజు ఆమె ఇంగ్లీషు ముక్క పెద్దగా వాడలేదు. అంకుల్‌కి నేను ఫోన్ చూపించాను రా అంది. ఆయన ఎక్కడున్నారో కనుక్కోమంది. సరేనన్నాను.

"ఆ కాల్ డిలీట్ చేసింది స్టేజ్ ఎక్కక ముందా, దిగాకా?" అంది.

దిగాక అంటే సరిపోయేది. కంగారులో చేసిన పని అయ్యేది. అలా చెప్పే వీలు ఆ ఒక్క చోటే మిగిలి ఉంది.

"ఎక్కక ముందే" అన్నాను.

"అయితే నాన్న ఉన్నాడేమోనని నీకు డౌట్ ఉంది."

"ఉంది" అన్నాను. పోయాడని నిజంగా నమ్మినవాడికి ఆ కాల్ దాచాల్సిన పని లేదు. ఈ ముక్క నాకు నేను కూడా అంతకుముందు చెప్పుకోలేదు.

అక్క తల ఊపింది. కొట్టినా బాగుండేది. రికార్డు వద్దని చెప్పేస్తానంది. ఇది నేను మర్చిపోలేను, మర్చిపొమ్మని అడగొద్దు అని కూడా అంది. అడగనన్నాను. లేచి చీర కుచ్చెళ్ళు దులుపుకుని లిఫ్ట్ దాకా నడిచి, బటన్ నొక్కి, అక్కడి నుంచి తిరిగి నన్ను చూసింది.

"నువ్వూ చూడలేదు కదరా నాన్నని" అంది.

పన్నెండేళ్ళలో ఎన్నిసార్లు ఆ మూడు గంటలు లెక్కేసినా, అవి అక్క పోగొట్టుకున్నవిగానే లెక్కేశాను. మంచం పక్కన ఎప్పుడూ ఆమెనే ఊహించుకున్నాను. ఆ గదిలో నన్ను నేను ఒక్కసారి కూడా నిలబెట్టుకోలేదు. లిఫ్ట్ వచ్చింది. అక్క తలుపు మూసుకోకుండా చెయ్యి అడ్డం పెట్టి, రా, అమ్మ వడ్డించేసి ఉంటుంది అంది. లేవబోయాను. మా నాన్న పోయాడని నాకు అప్పుడు తెలిసింది.